గుర్తుకు రాని చెయ్యి

మా చిన్నమ్మ భాగీరథమ్మ మలయా నుంచి వచ్చిన రోజు బెంగళూరు బళేపేటలో సన్నగా వాన పడుతోంది. జట్కా దిగి, గొడుగైనా విప్పకుండా వీధిలో నిలబడి మా గాజుల అంగడిని చాలాసేపు చూసింది. అప్పుడే నిద్ర లేచి ఇది ఏ ఊరా అని చూసుకునే మనిషిలా ఉంది.

చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు. రెండేళ్ళు మా ఇంట్లోనే ఉంది. ఆ తరువాత ఒక సేవాశ్రమం వాళ్ళు, మలయా రబ్బరు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళకు రామాయణం చదివి వినిపించడానికి, ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మనుషులు కావాలన్నారు. నేను పోతానంది చిన్నమ్మ. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తరువాత యుద్ధం వచ్చింది. నాలుగేళ్ళు జాబు లేదు. అమ్మ ఆ నాలుగేళ్ళూ శనివారం ఒక్క పూటే తిన్నది. చివరికి ఒక కార్డు వచ్చింది. బతికి ఉన్నాననీ, ఆశ్రమంలో ఇప్పుడు ముప్పై ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారనీ, వాళ్ళ అమ్మానాన్నలు సయాంలో రైలుదారి వెయ్యడానికి పోయి తిరిగి రాలేదనీ రాసింది. ఇంకో రెండేళ్ళకు, ఇదిగో ఈ దసరాకు, తనే వచ్చింది. దీపావళి దాకా సెలవు.

వచ్చిన నాడే అమ్మ మాట ఎత్తింది.

"ఇంక సాకు, చాలు భాగీ. పదేండ్లు చేసినావు. ఆ దేశంలో మళ్ళీ తుపాకులు పేలుతాండాయంట, పేపర్లో ఏసినారు. మిద్దె మీద రూముకు సున్నం కొట్టించినాను. ఈడే ఉండు."

"పండగ కానీలే అక్కా, చూస్తాము," అంది చిన్నమ్మ. పాలు పొయ్యని టీ నెమ్మదిగా తాగుతోంది.

"అదేం టీ మరదలా, ఇంకు మాదిరి ఉండాది?" అన్నాడు నాయన. "పాలు పోస్తే ఓడ మునుగుతాదా?"

"పాలు పోస్తే మీ మాదిరి లావైపోతాను బావా."

పదేళ్ళుగా మా ఇంట్లో నాయనకు ఎదురు మాట చెప్పిన మనిషి లేదు. ఆయనే గట్టిగా నవ్వాడు.

మొదటి వారం చిన్నమ్మ తెల్లవారక ముందే లేచి, ఆశ్రమంలో అలవాటేమో, గొంతు తగ్గించి ఏదో పాడుకునేది. రెండో వారానికి ఆ పాట ఆగిపోయింది. ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చేదాకా పడుకునేది. రాగి సంగటి రెండు ముద్దలు తినేది. అమ్మ ఇవన్నీ చూసి లోలోపల పొంగిపోయేది.

మధ్యాహ్నాలు నేను అంగడి లోపలి గదిలో గాజులు డజన్ల లెక్కన దారానికి కడుతూ కూర్చుంటే, చిన్నమ్మ గడప ఇవతల, ఇంటి వైపు గోడకు ఆనుకుని మాట్లాడేది. రబ్బరు చెట్లు వరసలు వరసలుగా నిలబడి ఉంటాయట. నడి మధ్యాహ్నం కూడా వాటి కింద మసక వెలుతురేనట. చెట్టు బెరడు మీద గీత గీస్తే పాలు జారి కొబ్బరి చిప్పలో పడతాయి, చప్పుడే ఉండదు. ఉదయం పూట ఆ తోటలోకి మంచు దిగితే, పక్కనే నడిచే మనిషి కనబడదట, మాట మాత్రం వినబడుతుందట. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. పటంలో మలయా ఎక్కడుందో చూపించలేను. కానీ ఆ మాటలు వింటుంటే మా ఇంటి గోడలు కూడా మంచులోకి జరిగిపోయినట్టు అనిపించేది. పెంకుల మధ్య ఉన్న అద్దపు పెంకు నుంచి ఎండ ముక్క ఒకటి గాజుల మీద పడి, పచ్చగా, ఎర్రగా చిన్నమ్మ తెల్లచీర మీదికి పాకేది. నిద్రో మెలకువో తెలియకుండా వినేదాన్ని.

"ఉండిపోతావా చిన్నమ్మా?" అని ఒకనాడు అడిగాను. నాకూ ఉండిపోవాలనే ఉంది.

"ఉండాలనే ఉండాది పాపా. చానా అలిసిపోయినాను," అంది. "మీ అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు."

ఆ సాయంత్రమే ట్రంకు పెట్టెలోంచి ఒక గుడ్డ మూట తీసి నాయనకు ఇచ్చింది.

"బావా, నేను పోయినా పోకపోయినా పిల్లలకు గాజులు పంపాల. బెంగళూరు గాజులు తెస్తానని మాటిచ్చినాను. పోయేవాళ్ళెవరి చేతనైనా పంపించు. కొలతలు ఇవి."

మూటలో ముప్పై రెండు పురికొస చుట్టలు ఉన్నాయి. బొటనవేలు లోపలికి మడిచిన చేతి చుట్టూ, కణుపుల మీదుగా పురికొస చుట్టి ముడి వేస్తే, అదే గాజు కొలత. గాజులవాళ్ళ ఇంట పుట్టింది కదా, చిన్నమ్మ ఆ పద్ధతి మరచిపోలేదు. ఒక్కొక్క దానికీ పేరూ వయసూ రాసిన కాగితం ముక్క కట్టింది. మూట ఇచ్చేసి మళ్ళీ గడప దాటి ఇంటి వైపు వచ్చి నిలబడింది. గాజుల పెట్టెల దగ్గరికి ఆమె వెళ్ళదు. పండగ రోజులు, ముత్తైదువులు వచ్చే అంగడి. వెళ్ళొద్దని మాలో ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు.

ఆ చుట్టలు చూడగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. నేను మనుషుల మొహాలు సరిగా చూడను, సిగ్గు. చేతులు చూస్తాను. కాబట్టి చేతి కొలతలు నాకు బాగా తెలుసు. పదహారేళ్ళ పిల్ల అని రాసిన చుట్టలో మా వీధి ఆరేళ్ళ పాప చెయ్యి కూడా దూరదు. రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు నాయన గాజులు తీయడం మొదలుపెట్టాక ఇక చెప్పక తప్పలేదు.

"నాయనా, పురికొస కుంచించుకుపోయింది. తడిసి ఎండినట్టుంది."

నాయన ఒక చుట్ట లాగి చూశాడు. కర్రలా బిగుసుకుపోయి ఉంది. కాగితాల మీద సిరా నీలంగా అలుక్కుపోయింది.

"ఓడలో వాన పడింది," అంది చిన్నమ్మ గడప అవతల నుంచి. "పెట్టె డెక్కు మీద ఉండె."

"పాప చెప్పకపోతే ముప్పై ఇద్దరికీ వేళ్ళకు ఉంగరాలు పంపినట్టు అయ్యేది," అన్నాడు నాయన. "ఇప్పుడేం చేస్తాము మరదలా?"

 చిన్నమ్మ గడప దాటి వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుంది.

"నూకాలు. నీ చెయ్యి కన్నా ఒక కొలత చిన్నది. కానీ గట్టి చెయ్యి పాపా. తోటలో కత్తి పట్టిన చెయ్యి, మడిస్తే ఒంగదు."

"అయితే నాదే సరిపోతుంది," అన్నాను.

"పైడితల్లి. వెన్న మాదిరి చెయ్యి. ఎంత చిన్న గాజైనా ఎక్కుతాది."

"అవేం పేర్లమ్మా!" అన్నాడు నాయన.

"విశాఖపట్నం పక్క నుంచి పోయినోళ్ళ పిల్లలు బావా. మన పక్క పేరు, పిల్లప్ప అని చెప్తే వాళ్ళూ నగుతారు."

ఒక్కొక్క పేరే చెబుతూ, నా వేళ్ళను మడిచి, విప్పి, కణుపులు నొక్కి చూస్తూ, ఈ వేలు ఇంకా సన్నం, ఈ మణికట్టు ఇంకా బొద్దు అంటూ పోయింది. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, ఆమె చేతులే పెట్టెలోకి పోయి గాజులు తీసి నాకు తొడిగి చూస్తున్నాయి. మూల కూర్చుని దీపాలకు ఒత్తులు చేస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. ఏమైనా అంటుందేమో అనుకున్నాను. అనలేదు. మళ్ళీ ఒత్తి పేనడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం మా చిన్న గదిలోకి ఎంతమంది పిల్లలు వచ్చారో! నీళ్ళలో నుంచి తేలినట్టు ఒక్కొక్కరే వచ్చి నా చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళినట్టుంది. రాత్రిళ్ళు భయపడి చిన్నమ్మ చీర కొంగు పట్టుకుని పడుకునే చెయ్యి. అన్నం వడ్డిస్తే సగం దాచుకునే చెయ్యి. భజనలో తాళం తప్పే చెయ్యి. నాయన డజన్లు కట్టి కాగితంలో చుట్టి పేర్లు రాస్తున్నాడు.

ముప్పై ఒకటి అయ్యాయి.

"అప్పలకొండ," అంది చిన్నమ్మ. ఆగింది.

నా చెయ్యి పట్టుకునే ఉంది. మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"తొమ్మిదేండ్లు. మొగం కండ్ల ముందరే ఉండాది. గొంతు ఉండాది. చెయ్యి…" కళ్ళు తెరిచింది. "చెయ్యి గుర్తుకు రాలేదు."

"తొమ్మిదేండ్ల బిడ్డ కదా," అంది అమ్మ. "అందాజుగా ఒకటి ఎయ్యి. సరిపోతాది."

"దినామూ జడేసేటప్పుడు ఆ బిడ్డ నా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాది అక్కా. యుద్ధంలో, అన్నం లేనప్పుడు, ఆ చెయ్యి పట్టుకునే రెండు మైళ్ళు నడిచినాను. నెల కూడా కాలేదు నేను వచ్చి." నా అరచేతిలోకి చూసింది. "ఈడ పడుకుని పడుకుని మరిచిపోయినాను."

ఎండ ముక్క గాజుల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. బయట ఎవరో బండివాడు దారి ఇవ్వమని అరుస్తున్నాడు. చిన్నమ్మ ఇంకా నా అరచేతిలోకే చూస్తోంది. అది నా చెయ్యి అని ఆమెకు తెలుసో లేదో.

అమ్మ ఒత్తుల పళ్ళెం పక్కన పెట్టింది. లేచి వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. నేను చూస్తున్నాను. ఆ మొహంలో ఇన్నాళ్ళ సంతోషం మెల్లగా సర్దుకుని ఒక మూలకు పోయింది.

"ఓడ ఎప్పుడు?" అని అడిగింది.

"దీపావళి అయిన నాలుగో దినం. మద్రాసులో."

"బేజారు పడొద్దు. పోయి బిడ్డలను చూసుకో."

 చిన్నమ్మ అమ్మ భుజం మీద తల ఆనించింది. నాయన వీధిలో ఏదో పని ఉన్నట్టు అంగడి ముందుకు వెళ్ళిపోయాడు.

నేను చిలకపచ్చ గాజులు మూడు కొలతల్లో తీశాను. చిన్నది, మధ్యది, కొంచెం పెద్దది. ఏదో ఒకటి ఎక్కుతుంది కదా అని మూడూ ఒకే కాగితంలో చుట్టబోయాను.

"ఆగు పాపా," అంది అమ్మ. పెట్టెలోకి చెయ్యి పెట్టి, పెళ్ళీడు పిల్లలు వేసుకునే కొలతలో ఇంకో డజను తీసి నా ఒడిలో పెట్టింది. "ఇవీ పెట్టు. బిడ్డ పెరగదా?"