ఆల్బంలో మొదటి ఫోటో

మీరు తీసిన ఫోటోల్లో బాగున్నవి ఏరి, పని ఇచ్చేవాళ్ళకి చూపించడానికి ఒకచోట పెడుతున్నారట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేనూ ఒకసారి అలాంటి ఆల్బం కట్టానర్రా. దాని సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

తొంభైల్లో మేం ఒడిశాలో, రాయగడలో ఉండేవాళ్ళం. మీ తాతయ్యకి కిరాణా హోల్‌సేల్ కొట్టు. ఆయన కొన్న కెమెరా బీరువాలో ఊరికే పడి ఉంటే, నేను దాంతో ఫోటోలు తియ్యడం మొదలుపెట్టాను. మా వీధిలో ఆడవాళ్ళ పేరంటాలకి కూడా స్టూడియో మగవాళ్ళే వచ్చేవారు. వాళ్ళు "కొంచెం పైట సర్దుకోండమ్మా" అంటే ఆడపిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవారు. ఆ పని నేను చేస్తే బాగుంటుంది కదా అనిపించింది.

మా ఎదురింటివాళ్ళదీ వ్యాపారమే. వాళ్ళమ్మాయికి సీమంతం పెట్టుకున్నారు. ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "అత్తా, నువ్వే తియ్యి. ఆ స్టూడియో ఆయన ముందు నేను కూకోలేను" అంది. వాళ్ళమ్మ మాత్రం, "నువ్వు తీసినవెలాగున్నాయో సూపించొదినా, సూసి సెప్తాను" అంది.

అందుకని ఆల్బం కొన్నాను. నల్ల అట్ట పేజీలది. పైన ప్లాస్టిక్ కాయితం ఉండదు. పక్కూరు టికిరి సంతలో పసుపు కొమ్ములు అమ్మే ఆడవాళ్ళు, మా మేడమీద జడలు వేసుకుంటున్న పిల్లలు, ఒక్కోటీ అంటించాను. మొదటి పేజీలో ఎదురింటి మామ్మగారు, ఆ పిల్ల నాయనమ్మ. గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరిస్తూ తలెత్తి నవ్వినప్పుడు తీసిన ఫోటో. ఆ ఇంటి పెద్దావిడని ముందు పెడితే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

మా కొట్లో కొత్త లెక్కల పుస్తకం వచ్చినా పసుపు రాసి కుంకుమ పెట్టందే ముట్టుకోం. చేతికి అదే అలవాటు. ఆల్బం అట్టకి లోపలివైపు తడి పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, మూసి దేవుడి దగ్గర ఉంచాను.

మర్నాడు వాళ్ళింట్లో అందరి మధ్యా తెరిచాను. ఆ తడి బొట్టు ఎదుటి పేజీకి అంటుకుపోయింది. సరిగ్గా మామ్మగారి నుదుటిమీద, చుట్టూ పసుపుతో సహా. ఫోటోకి బొట్టు పెట్టేది పోయినవాళ్ళకే కదా.

మామ్మగారే ముందు తేరుకుని, "ఏటమ్మీ, నన్నప్పుడే గోడకెక్కించీసేవా? దండెయ్యడం మర్సిపోనావు" అన్నారు. నన్ను తేలికపరచాలనే అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను గాభరాగా కొంగుతో తుడిచాను. పసుపు ఆవిడ ముఖమంతా పాకింది.

ఆవిడ కోడలు, ఆ పిల్ల తల్లి, ఆల్బం మూసి నా ఒళ్ళో పెట్టింది. "కడుపుతో ఉన్న పిల్లున్న ఇంట్లో ఇదేటొదినా. మరేటనుకోకు, స్టూడియో ఆయనకి సెప్పీసేం" అంది. చెప్పలేదని నాకు తెలుసు. "చూసుకోలేదు..." అన్నాను.

సీమంతానికి పిలిచారు, ఎదురిల్లు, వెళ్ళకపోతే బాగోదు. కెమెరా ఇంట్లోనే వదిలి వెళ్ళాను. స్టూడియో ఆయన "తలెత్తమ్మా, ఇటు సూడు" అంటున్నాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తింది, నా కోసం వెతకడానికి. నేను పక్కావిడ గాజులు చూస్తున్నట్టు ముఖం తిప్పుకున్నాను.