పొగమంచులో ఎడమ పక్క పరుగు

జనగామ జిల్లా ఏర్పడిన మరుసటి చలికాలం నేను పాలకుర్తి మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. జోనల్ పోటీలకు ఆడపిల్లల ఖోఖో జట్టును తయారు చేసే పని నాకు అప్పగించారు. బడి మైదానం నిండా రైతులు వడ్లు ఆరబోసుకోవడంతో ఉదయం పరుగు రోడ్డు మీదికి మారింది.

ఈ పనికి నన్ను మించిన అర్హుడు లేడని నా నమ్మకం. గ్రంథాలయంలో ఆటల అల్మారా మొత్తం చదివినవాడిని. నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలనూ వదల్లేదు. చలికి కండరాలు బిగుసుకొని ఉంటాయి కనుక పరుగుకు ముందు ఒళ్లు వేడెక్కించే వార్మప్ ఎక్కువసేపు చేయాలి. ఒక మందపు స్వెటర్ కన్నా రెండు మూడు పలుచటి బట్టలు మేలు. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. ఇవన్నీ పిల్లలకు ఉపన్యసించి, చివరగా రోడ్డుకు ఎడమ పక్కనే పరుగెత్తాలని శాసించాను. ఎడమ పక్క నడవడం అందరికీ అలవాటే కనుక ఎవరూ ఎందుకని అడగలేదు.

కెప్టెన్ స్వప్న లేకపోతే మా జట్టు లేదు. ఆమె తల్లి యాకమ్మ మొదటి రోజే తేల్చి చెప్పింది: "నిన్ను నమ్మి మంచుల పంపుతున్న సారూ. పిల్లకు ఏమన్న అయితే గీ ఆట గీడికే బంద్."

వెనకబడిన పిల్లలు తప్పిపోకుండా ఉపాధ్యాయుడు వరుస చివర ఉండాలన్నది పద్ధతి. అలాగే ఉన్నాను. మంకీ క్యాప్, దాని మీద మఫ్లర్, రెండు మందపు స్వెటర్లు. పలుచటి బట్టల సూత్రం పిల్లల వరకే పరిమితం చేశాను.

ఒకరోజు మంచు దట్టంగా ఉంది. వెనక నుంచి పత్తి లోడుతో ట్రాక్టర్ వచ్చింది. చప్పుడు విని పిల్లలు పక్కకు దూకి "సార్! సార్!" అని అరిచారు. నా పరుగు చూసి మెచ్చుకుంటున్నారనుకొని చెయ్యి ఊపాను. స్వప్న వెనక్కి ఉరికొచ్చి నన్ను గుంజింది. ఇద్దరం రోడ్డు పక్కన వడ్ల కుప్పలో పడ్డాం.

డ్రైవర్ బండి ఆపి దిగాడు. "ఏం సారూ, ఎనక కండ్లున్నయా నీకు? ఆ పక్కకెల్లి ఎదురుంగ ఉరికితే దూరంకెల్లే అగుపడుదును గద!"

స్వప్న మోకాలు గీరుకుపోయింది. మరునాడు ఆమె పరుగుకు రాలేదు.

డ్రైవర్ మాట తప్పని నిరూపించడానికి నేను గ్రంథాలయానికి పోయాను. ఎదురుగా వచ్చే బండ్లు కనబడాలంటే ఎడమ పక్కన పోవాలని నేను చదివిన ఇంగ్లీషు పుస్తకంలో స్పష్టంగా ఉంది. గెలిచాననుకున్నాను. అప్పుడు కింది బొమ్మ చూశాను. కారులో స్టీరింగు ఎడమవైపు ఉంది. బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడిచే దేశం కోసం రాసిన పుస్తకమది. మన దగ్గర బండ్లు ఎదురుగా కనబడేది కుడి పక్కన పోయేవాళ్లకు.

ఆ పుస్తకం పట్టుకొని యాకమ్మ ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. బొమ్మ చూపించబోతే ఆమె చూడలేదు.

"బొమ్మ సంగతి తర్వాత. రేపటి సంది ఏ పక్క?"

"కుడి పక్క. మంచు ఇడిసినంకనే."

"మరి గా టోపీ?"

మఫ్లర్ మెడకు దించి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను. లోపలి నుంచి స్వప్న నవ్వు వినిపించింది.

"గది ఈడ పెట్టిపో. పోటీలైనంక తీస్కపోదువు."

మరునాడు స్వప్న వచ్చింది. పోటీల వరకూ నా చెవులు చలికి మంటలెత్తాయి గానీ ప్రతి బండి చప్పుడూ వినబడింది. జోనల్‌లో మా జట్టుకు రెండో స్థానం వచ్చింది. యాకమ్మ ఇంటికి పోతే మంకీ క్యాప్ ఉతికి మడతపెట్టి ఉంది.

ఆ చలికాలం నాకు నేర్పింది రెండు విషయాలు. రోడ్డు మీద చెవులకు వెచ్చదనం కన్నా వినికిడి ముఖ్యం. భద్రతా నియమం చదివినవాడు అది ఏ దేశపు రోడ్డుకు రాసిందో కూడా చదవాలి.