మాల మీద మాల

ఆ ఏడు మా ఇంట్లో దేవుళ్లు వరుస కట్టారు. కార్తీకంలో మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. శబరిమల పోయి వచ్చి ఆ మాల తీశాడో లేదో, శివరాత్రి ముందు శివమాల వేసుకున్నాడు. విభూతి వాసన ఇంకా దుప్పట్లను వదలనేలేదు, హనుమాన్ మాల మెడలోకి వచ్చింది. నల్లబట్టలు ఉతికి బీరువాలో పెడితే కాషాయం బయటికి తీయాల్సి వచ్చేది.

మాలలో ఉన్నవాళ్ల నియమాలు మీకు తెలిసినవే. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద చాప, బ్రహ్మచర్యం. ఇంటిల్లిపాదీ ఆయన్ని ‘స్వామీ’ అని పిలవాలి. ఆయన ఆడవాళ్లందరినీ ‘మాతా’ అనాలి, అందులో నేనూ లెక్కే. “మాతా, జర ఉప్పు ఇటియ్యి” అని కట్టుకున్న మొగుడు అంటుంటే నవ్వాలో గిన్నె విసిరికొట్టాలో అర్థమయ్యేది కాదు.

ఆయన కేసముద్రం మార్కెట్లో రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పొద్దున్నే వరంగల్‌లో రైలెక్కి పోతే, పత్తి సీజన్లో ఎప్పుడొస్తాడో తెలియదు. తాగడు, అరవడు. కొడుకు దీక్షలు చూసి మా అత్తమ్మ మురిసిపోయేది. “నా కడుపుల దేవుడే పుట్టిండు బిడ్డా” అనేది. మా వాడకట్టు ఆడవాళ్లైతే మరీ. “నీ అసొంటి అదృష్టం ఎవ్వలకున్నదక్కా, మావోళ్లు మాల తీసిన్నాడే సీస పడుతరు” అనేవాళ్లు. నేను పళ్లు బిగపట్టి తలూపేదాన్ని. నా అదృష్టం ఎంతో నాకొక్కదానికే తెలుసు.

మొదటి మాలకు చాలాకాలం ముందు నుంచే ఆయన నన్ను తాకడం మానేశాడు. సీజన్ పని, అలసిపోయాడులే అని మొదట్లో సరిపెట్టుకున్నాను. సీజన్ అయిపోయింది, అలసట మాత్రం పోలేదు. తర్వాత అద్దంలో నన్ను నేను చూసుకోవడం మొదలుపెట్టాను. నడుము, పొట్ట, కళ్ల కింద నలుపు. ఒకరోజు మంచి చీర కట్టుకుని మల్లెపూలు పెట్టుకున్నాను. “మంచిగున్నవ్” అన్నాడు, అటు తిరిగి పడుకున్నాడు. ఆ మల్లెపూలను తెల్లారి నేనే తీసి చెత్తబుట్టలో వేశాను.

ఇద్దరు పిల్లల తల్లి ఈ మాట ఎవరితో అంటుంది? కాలేజీ రోజుల నాటి స్నేహితురాలితో సగం సగం చెప్తే, బయట ఎవరైనా ఉన్నారేమో చూసుకోమంది. ఉన్నా కొంత నయమే, పోట్లాడటానికి ఒక మనిషైనా దొరికేది. దేవుళ్లతో ఏం పోట్లాడను? నేనంటే ఈయనకు వెగటు పుట్టింది, ఆ మాట ముఖం మీద అనలేక దేవుళ్లను అడ్డం పెట్టుకున్నాడు అని తీర్మానించుకున్నాను. పిల్లల పెళ్లిళ్లయ్యేదాకా ఒక కప్పు కింద ఉంటే చాలు అన్నంత దూరం పోయింది నా మనసు.

హనుమాన్ మాల కూడా కొండగట్టులో తీసి వచ్చిన వారానికి, ఒక ఆదివారం పొద్దున తొక్కు కోసం మామిడికాయలు కోస్తున్నాను. ఆయన పక్కన కూర్చుని ముక్కలు తుడుస్తున్నాడు. అత్తమ్మ పైన దాబా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. తుడుస్తూ తుడుస్తూనే ఆయన మెల్లగా అడిగాడు.

“శ్రావణంల ఏమన్న దీక్ష ఉంటదా?”

కత్తిపీట పక్కకు తోసేశాను. “నేను నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. దేవుళ్ల ఎనుక ఎన్నొద్దులు దాసుకుంటవ్?”

ఆయన ముఖం పాలిపోయింది. మెట్ల వైపు చూశాడు, తల్లి వింటుందేమోనని. తర్వాత చేతిలోని ముక్కను అలాగే పట్టుకుని ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

“నువ్వు నచ్చకపోవుడు కాదే. నాకే ఏం అనిపిస్తలేదు. ఆకలి కానోని ముందల ఇస్తరేసినట్టు అయితాంది. మాలల ఉంటే నువ్వు ఎదురుచూడవు, నాకు సిగ్గు ఉండదు.”

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నాళ్లూ నేను అద్దం ముందు ఏడిస్తే, ఆయన పూజ గదిలో ఏడ్చాడన్నమాట.

హన్మకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చీటీ రాసే అమ్మాయి ఏం తకలీఫ్ అని అడిగితే ఇద్దరం ఒకేసారి కడుపునొప్పి అన్నాం. లోపల డాక్టరమ్మ నొప్పి ఎవరికమ్మా అంది. నేను ఆయన్ని చూపించాను, ఆయన నన్ను చూపించాడు. ఆమె నవ్వి తలుపు వేసి, ఇప్పుడు చెప్పండి అంది. ఆ నవ్వుకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

పరీక్షల్లో ఆయనకు షుగర్ బయటపడింది. మందులు రాసింది, నిద్ర చూసుకోమంది. వీటితో కొంత మెరుగవుతుంది, అంతా వెనకటిలా అవుతుందని మాత్రం మాట ఇవ్వలేను అంది. కోరిక తగ్గితే ప్రేమ తగ్గినట్టు కాదని ఆయనకు కాదు, నాకు చెప్పింది. ఆయనకు ఇంకోటి చెప్పింది. ఆశ పెట్టినట్టవుతుందని నువ్వు ఆమె చెయ్యి పట్టుకోవడం కూడా మానేశావు కదా, ముందు ఆ చెయ్యి పట్టుకో, దాని తర్వాత ఏమీ జరగనక్కర్లేదు అంది. బస్సులో వస్తూ అందరూ చూస్తుండగా నా చెయ్యి పట్టుకున్నాడు. నాకే సిగ్గేసింది, కానీ విడిపించుకోలేదు.

అంతా బాగైపోయిందని అబద్ధం చెప్పను. బాగున్న రోజులు ఉన్నాయి, అవి పండగలు. లేని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఆయన నా తలకు నూనె రాస్తాడు, మార్కెట్ కబుర్లు చెప్తాడు, నేను కాళ్లు ఆయన ఒళ్లో పెట్టి పేపర్ చదువుకుంటాను. ఇంత దగ్గరితనం మా కొత్త కాపురంలో కూడా లేదు. అప్పట్లో మాకు మాట్లాడుకోవడం వచ్చేది కాదు. దేవుళ్లకు, డాక్టరమ్మకు, తొక్కు పెట్టిన ఆ పొద్దుకు కూడా దండం పెట్టుకుంటాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాన పడుతోంది. పిల్లలు ట్యూషన్‌కు, అత్తమ్మ రఘునాథపల్లిలో ఆడబిడ్డ ఇంటికి పోయారు. నేనే పక్కకు చేరి అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి, “ఇయ్యాల నాతోని కాదే” అన్నాడు. సరేనని లేవబోతే కొంగు పట్టుకుని ఆపాడు.

“యాడికి పోతానవ్? కూసో.”

కూర్చున్నాను. వాన వెలిసేదాకా ఇద్దరం అలాగే ఆనుకుని కూర్చున్నాం. ఆయన వద్దన్నది నన్ను కాదని ఆ పూట నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.