సూర్యకుమారి పనసాకు బుట్టలు

అమలాపురంలో భీమరాజుగారి టిఫిన్ హోటల్లో తెల్లారకముందే అందరూ హాజరైపోవాల్సిందే, ఒక్క సూర్యకుమారి తప్ప. ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండే పనసాకు బుట్టల్ని ఆవిడ ఇంట్లోనే కూర్చుని, కొబ్బరి ఈనెలు గుచ్చి కుట్టి, ఆటోలో పంపించేది. అదీ ఆవిడకీ యజమానికీ కుదిరిన ఒప్పందం.

ఎందుకంటారా? తల్లి నూకాలమ్మకి మతిమరుపు ముదిరిపోయింది. కూతురు కనబడకపోతే చాలు, "మా అమ్మాయేదీ?" అంటూ కాలవగట్టు పట్టుకుని ఎటో పోయేది. అలాంటి మనిషిని వదిలి గడప దాటడం ఎలాగ?

హోటల్లో మాత్రం ఒకటే సణుగుడు. "ఆవిడకో రూలూ మాకో రూలా అండీ? మహారాణిగారు ఇల్లు కదలరా?" అని వంట మాస్టరు తాతాజీ రోజూ సన్నాయినొక్కులు నొక్కేవాడు. అది చెవిన పడ్డ దగ్గర్నించీ ఈ ఒప్పందం ఎక్కడ పోతుందోనని సూర్యకుమారికి బెంగ పట్టుకుంది. ఆ నోళ్ళు మూయించాలని అడక్కుండానే ఎక్కువ బుట్టలు కుట్టింది, జ్వరమొచ్చినా మానలేదు, పచ్చడికి అల్లం కూడా ఇంటికి తెప్పించుకుని గీకి పంపింది. ఏం లాభం? సణుగుడు ఆగితేనా! చివరికి భీమరాజుగారే ఇంటికొచ్చేరు.

"అందరూ నా పీకమీద కూర్చున్నారమ్మా. రేపట్నించి నువ్వూ వచ్చెయ్యాలి."

"ఆయ్, అలాగేనండీ" అంది. ఇంకేమంటుంది పాపం!

మర్నాడు తల్లిని వెంటబెట్టుకునే వచ్చింది. ఇద్దరూ వంటింట్లో ఓ మూల కూర్చున్నారు. ఆకులు తేవడానికి సూర్యకుమారి ఇలా పెరట్లోకి వెళ్ళిందో లేదో, ముసలావిడ లేచి మరుగుతున్న గుండిగ మీదికే నడిచేసింది. తాతాజీ ఒక్క గెంతు గెంతి చెయ్యి పట్టుకుని లాగేడు. "మా అమ్మాయేదీ?" అని ఆవిడ అతని చొక్కా పట్టుకుని ఒకటే ఏడుపు. కూతురు పరిగెత్తుకొస్తే అతను ఆవిణ్ణి అప్పగించేడు. తిన్నగా గల్లాపెట్టె దగ్గరికెళ్ళి, "బాబ్బాబు, ఆవిణ్ణి ఇంటిదగ్గరే కుట్టుకోనివ్వండి. మళ్ళీ నోరెత్తితే ఒట్టు" అన్నాడు. ఆ పూటే తల్లీకూతుళ్ళని ఆటో ఎక్కించేరు.

మొన్న వానల్లో నూకాలమ్మ పోయింది. కర్మలైన మర్నాడే సూర్యకుమారి చీకటితో హోటలుకొచ్చి ఆకులు ముందేసుకుంది. భీమరాజుగారు కంగారుపడ్డారు.

"నువ్వెందుకొచ్చేవమ్మా? ఎప్పట్లాగే ఇంటిదగ్గర కుట్టి పంపు. ఇప్పుడు నిన్నెవరూ ఏమీ అనరు."

"వద్దండీ" అంది, ఆకు మడుస్తూనే. "ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేనండీ."