ముందు తడిపి తీసుకురా

మొన్న మంగళవారం పొద్దున్నే లైనింగ్ గుడ్డ తడిపి దండెం మీద ఆరేస్తుంటే ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. గుణదలలో మా పక్క వాటాలో ఉంటూ పాతికేళ్ళు వీధివీధంతటికీ జాకెట్లు కుట్టిన టైలరాంటీ ఇక లేరు. ఆ గుడ్డ ఆవిడ కోసం తడిపిందే. "ఇంటికి రాగానే ముందు నీ జాకెట్టే కుడతా" అని మాటిచ్చి వెళ్ళారు.

పాఠకులకు మనవి. రాజ్యాంగంలో లేకపోయినా మా వీధిలో ఖచ్చితంగా అమలైన చట్టం ఒకటుండేది. తడపని లైనింగుకు ఆంటీ కత్తెర పెట్టరు. తడపకుండా కుడితే ఉతికాక లోపలి గుడ్డ కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుందట. రేపు కాలేజీలో ఫేర్‌వెల్ అనగా పొడి గుడ్డ పట్టుకెళ్ళి ఏడ్చినా ఆవిడ కరగలేదు.

"ఆ ఏడ్చేదేదో గుడ్డ మీద ఏడువు పిల్లా, తడుస్తుంది."

ఆరేళ్ళ కిందట ఆవిడ రొమ్ములో గడ్డ కనిపించింది. క్యాన్సర్. తోడు నేనే వెళ్ళాను. ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేస్తామని, తర్వాత దాన్నీ చుట్టూ కొంచెం భాగాన్నీ మాత్రమే తీసి రొమ్మును నిలుపుతామని డాక్టరమ్మ చెప్పారు. కంకిపాడు నుంచి వచ్చిన వాళ్ళక్క ఒప్పుకోలేదు.

"ఈ వయసులో ఏం చేసుకుంటావే? మొత్తం తీయించెయ్."

"ఊరందరికీ సరిగ్గా కుట్టాను ఆపా. నా జాకెట్టు ఒకపక్క ఖాళీగా కుట్టుకోమంటావా?" అన్నారు ఆంటీ. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "అయితే ముందు తడిపి, తర్వాత కోస్తారన్నమాట" అన్నారు. డాక్టరమ్మ తెల్లమొహం వేస్తే నేను అతి గంభీరంగా అనువదించాను.

జుట్టు ఊడింది. నోరు పూసింది. కీమో అయ్యేసరికి గడ్డ చేతికి తగలడం మానేసింది. ఆంటీ మిషన్ దగ్గర కూర్చుని ప్రకటించేశారు.

"పోయిందిగా. ఇంక కోతెందుకు? నేను రాను."

చేతికి తగలనంత మాత్రాన లోపల లేనట్టు కాదని డాక్టరమ్మ చెప్పారు. గడ్డ ఉన్న చోటు తప్పిపోకుండా ముందే లోపల చిన్న గుర్తు కూడా పెట్టి ఉంచారు. అక్క బతిమాలింది. ఆవిడ వినలేదు. అది భయమని నాకు తెలుసు. నాకు మాత్రం ధైర్యం ఎక్కడుంది? వచ్చిన విద్య వెక్కిరింపొక్కటే.

"ఆంటీ, తడిపి ఆరేశాం కదా అని గుడ్డని కుట్టకుండానే ఎవరైనా ఒంటికి చుట్టుకుంటారా?"

మిషన్ ఆగింది. 

"నా చట్టం నాకే చెబుతున్నావే!" మెడలో టేపు తీసి పక్కన పెట్టారు. "పద, తేదీ అడుగుదాం."

ఆపరేషనైంది. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, కూడా అయింది. కట్టు విప్పిన రోజు గాయాన్ని అద్దంలో పరీక్షగా చూసుకుని, "సన్నకుట్టు. చెయ్యి మంచిదే" అని డాక్టరమ్మకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ తర్వాత తన జాకెట్టు తనే కుట్టుకున్నారు, పాత కొలతలు పెద్దగా మార్చకుండానే.

ఈ వేసవిలో జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఆ రోజు మొత్తం తీయించి ఉంటేనో, అని అక్క ఏడ్చింది. అలా చేసినా ఇది రాకపోయేదని చెప్పలేమమ్మా, అన్నారు డాక్టరమ్మ.

మంగళవారం సాయంత్రం ఆవిడను తెల్లగుడ్డలో చుట్టారు. ముస్లింల ఆచారం ప్రకారం ఆ గుడ్డకు కుట్టు ఉండదు. ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చి అక్కడ నిలబడలేకపోయాను.

లైనింగ్ గుడ్డ ఇంకా దండెం మీదే ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. అమ్మ తీయబోతే వద్దన్నాను. నిన్న జల్లు పడి మళ్ళీ తడిసింది.