గుట్ట మీద ఊటగుంట

మా జువాలజీ సారు పోయారు. కాజీపేట నుంచి ఆయన కూతురు రాసిన కార్డు నిన్న అందింది. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మడికొండ గుట్ట మీద బండల నడుమ చిన్న ఊటగుంట ఉండేది. అందులో బొటనవేలంత కప్పలు. ఆయన తిరిగిన ఏ గుట్ట మీదా అలాంటివి మళ్లీ కనబడలేదట. రాళ్లు కొట్టేవాళ్లు చెట్లు నరికేస్తే గుంట ఎండకు ఇంకిపోసాగింది. సారు ప్రతి ఆదివారం మా క్లాసువాళ్లను వెంటేసుకుని కానుగ మొక్కలు నాటించేవారు, బిందెలతో నీళ్లు మోయించేవారు. విసుక్కుంటే, "అది మనకన్న ముందటి కిరాయిదారు బిడ్డా, మనమే జర సదురుకోవాలె" అనేవారు. మేకలవాళ్లకు బీడీలిచ్చి మరీ బతిమాలేవారు. మూడో ఏడు నీడ పడింది. గుంటలో తోకకప్పలు కనబడిన రోజు ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. మా కొత్తవాడ ఆడవాళ్లు కప్పతల్లి ఆడదామన్నారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు కప్పి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయిస్తే వాన పడుతుందని నమ్మకం. చెరువులన్నీ ఎండిపోయాయి, కప్పేదీ?

"కాలేజీల కప్పలు కోస్తవు గదనే, ఒక్కటి తేరాదు?" అంది పెద్దమ్మ.

గొప్పకు పోయి సరేనన్నాను. బస్సెక్కి వెళ్లి చూస్తే గుంట తడిలో మిగిలినవి రెండే. పెద్దదాన్ని, కడుపు నిండా గుడ్లున్నదాన్ని, తడిరుమాలులో కట్టి తెచ్చాను. ఆట అయ్యాక వదిలేద్దామనుకున్నాను. మూడో ఇంటి ముందే అది చచ్చిపోయింది. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేమనను!

గుంటలో కప్పలు లేకుండా పోయాయని ఆ తర్వాత ఎన్నేళ్లో సారు తననే తిట్టుకున్నారు. "నీడ ఎక్కువైందో ఏమో, తప్పు నాదే" అనేవారు. కాదు సారూ, నాది, అనడానికి నోరు రాలేదు. ఎంత పిరికిదాన్ని!

కప్పతల్లి ఆడిన పది రోజులకు వాన పడింది. ఆ సాయంత్రమే సారు నన్ను గుట్టెక్కించారు. గుంట దగ్గర ఒక్క కప్ప అరుస్తోంది.

"మగది పిలుస్తాంది. ఆగు, ఆడది వస్తది" అన్నారు.

చినుకుల చప్పుడుకు ఏమీ వినబడదేమోనని గొడుగు మూసేశారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన తడిసి ముద్దవుతూ, చెవి ఒగ్గి, అలాగే నిలబడి ఉన్నారు.