కరెంటు కోత వేళ పరామర్శలు

నలుగురిలో తిరక్కపోతే వ్యాపారం నిలవదని, మా ఆయన పోయి ఎంతో కాలం కాకముందే మా బావగారు చెప్పారు. అప్పటికే మిల్లు తాళాలు నా చేతికొచ్చాయి. ఎనభైల మొదట్లో చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కనే ఉండేది మా జిన్నింగ్ మిల్లు. రైతుల దగ్గర కొన్న పత్తిని వ్యాపారులు మాకు తోలితే, గింజ తీసి దూది ఇచ్చేవాళ్ళం. మా చుట్టూ అలాంటి మిల్లులు చాలా ఉన్నాయి. ఎవరికి తోలాలన్నది వాళ్ళ ఇష్టం.

"కనపడుతూ ఉండాలమ్మా. మొహం కనపడకపోతే మర్చిపోతారు," అన్నారు బావగారు.

ఎక్కడ కనపడను? మగవాళ్ళకు పొద్దున్నే మార్కెట్ యార్డు దగ్గర టీలు, సాయంత్రం గుంటూరు క్లబ్బులో పేకాట. నాకు మిగిలినవి పెళ్ళిళ్ళు. మా వైపు సగం బేరాలు పెళ్ళి పందిట్లోనే కుదిరేవి. ఒక వ్యాపారి ఇంటి పెళ్ళికి మిల్లు పేరున శుభలేఖ వచ్చింది. బొట్టు పెట్టి పిలిపించుకునే యోగం నాకెలాగూ పోయింది కాబట్టి ఆ కాగితమే పిలుపనుకుని వెళ్ళాను. పెళ్ళికొడుకు దిగే వేళకి ఆ ఇంటి ఇల్లాలు నా భుజం పట్టుకుంది.

"వదినగారూ, మీరు లోపల కూర్చోండి. ఎదురు రాకండి."

ఎంత ప్రేమగా అందో! అరిటాకుల కట్టలు పెట్టిన గదిలో కాసేపు కూర్చుని, భోజనం చెయ్యకుండానే బస్సెక్కాను. ఇంటికొచ్చేదాకా ఒళ్ళు మండిపోతూనే ఉంది.

ఆ మంటలోనే తట్టింది. చావింటికి పిలుపు అక్కర్లేదు. అక్కడ నన్ను ఎదురు రావద్దనేవాళ్ళూ ఉండరు.

కాకపోతే తీరికేదీ? సీజన్లో తెల్లారకముందే మిల్లులో ఉండాలి. పత్తి దించుకోవాలి, బెల్టు తెగితే మనిషిని పిలిపించాలి, తడిపిన పత్తి తెచ్చి పొడిదని దబాయించేవాళ్ళతో పోట్లాడాలి. అదృష్టం కొద్దీ మధ్యాహ్నాలు కరెంటు కోత ఉండేది. మిగతా మిల్లుల వాళ్ళు ఆ వేళ కరెంటు వాళ్ళను తిట్టుకుంటూ కునుకు తీసేవారు. నేను ఒంటిమీది దూది దులుపుకుని, చీర మార్చుకుని బస్సెక్కేదాన్ని. పొన్నూరులో ఒకాయన తల్లి, ఒంగోలులో ఒకాయన తమ్ముడు, పెదకాకానిలో ఒకాయన అత్తగారు, ఎవరు పోయినా వెళ్ళేదాన్ని. మంగళ, శుక్రవారాల్లో పరామర్శకు పోకూడదు గనుక ఆ రోజుల్లో మాత్రం నేనూ కునుకు తీసేదాన్ని.

చావింటి మర్యాదలు వేరు. కాఫీ ఇచ్చినా ముట్టుకోరు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు, ఊరికే లేచి వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళూ "మళ్ళీ రండి" అనరు. వ్యాపారం మాట నేనెప్పుడూ ఎత్తలేదు. ఆడవాళ్ళ పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చేదాన్ని. మా ఆయన కోసం ఏడవడానికి మిల్లులో టైము దొరికితేగా! కర్మలు అయిపోయాక ఆ ఇళ్ళ పత్తి లారీలు మా గేటు ముందు ఆగేవి. బావగారు నోరెళ్ళబెట్టారు.

ఆ వ్యాపారుల్లో అందరికన్నా పెద్దాయన ఒకడున్నాడు. ఆయన తండ్రి పోయినప్పుడు ముందుగా వెళ్ళినవాళ్ళలో నేనొకదాన్ని. అప్పటినుంచీ నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఆ తర్వాత మా మిల్లు ఆడిందంటే ఆయన పత్తి మీదే.

ఒక సీజన్ మధ్యలో ఆయనకు గుండెనొప్పి వచ్చిందని, గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. కరెంటు పోగానే బత్తాయిలు కొనుక్కుని పరుగెత్తాను. గది గుమ్మంలో ఆయన భార్య నన్ను చూసింది. వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన బాగానే ఉన్నారు. మీరెందుకొచ్చారండీ? మీరు చావుకు తప్ప రారుగా!"

లోపల ఆయన మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి దుప్పటి గొంతుదాకా లాక్కున్నాడు. బత్తాయిలు గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను. పెళ్ళిలో పిలిచి పక్కకు నెట్టారు, ఇక్కడ పిలవకుండా వచ్చానని బెదిరిపోయారు. మరి నేను బతికున్నవాళ్ళ మధ్య ఎక్కడ నిలబడాలి? బస్సులో ఆ కోపంతోనే కూర్చున్నాను. దిగేటప్పటికి కోపం పోయి భయం పట్టుకుంది.

ఆయన కోలుకున్నాడు. తిరగడం మొదలుపెట్టాక మిల్లుకొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. కాఫీ తెప్పించాను, ముట్టుకోలేదు. డాక్టరు వద్దన్నాడేమోనని మజ్జిగ తెప్పించాను. అదీ ముట్టుకోలేదు.

"ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారు," అన్నాడు గోడవైపు చూస్తూ.

"దేనికన్నయ్యగారూ?" అన్నాను, తెలిసి కూడా.

కాసేపు తన చేతులు చూసుకుని లేచాడు. వెళ్ళొస్తానమ్మా అనలేదు. ఊరికే వెళ్ళి కారెక్కాడు. మళ్ళీ రండి అని నేనూ అనలేదు. లోపల జిన్నింగ్ మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఆడుతున్నది ఆయన పత్తే, ఆఖరి లోడు.